లోపలి గడియ

బండ కింద వేళ్లు నలిగిపోయినా కుర్రాడు కేక వెయ్యలేదు. వేరెవరి చెయ్యో చూస్తున్నట్టు చూసి నవ్వాడు. మేస్త్రీ ఆ చేతికి గుడ్డ చుట్టి, రెండో చేతిలో ఇంకో తెల్లమాత్ర పెట్టాడు. ఎంత దయ!

"వేసుకుని పనిలోకి పోరా."

క్వారీలో నీళ్లు మోసే నీళ్లమ్మ ఇదంతా కళ్లారా చూసింది. ఆ పక్కనే ఆమె కొడుకు సమ్మెట దించి, మాత్ర కోసం చెయ్యి చాచాడు. బలం మాత్రలని కాంట్రాక్టరు చెబితే నమ్మి, ఇన్నాళ్లూ వాటితోపాటు నీళ్లు అందించింది తనే. కొడుకు అలుపు లేకుండా ఇద్దరి పని చేస్తుంటే మురిసిపోయింది కూడా. ఈసారి నీళ్లు అందించకుండా బిందె దించేసింది.

పని దిగాక కూలీలంతా రేకుల షెడ్డు ముందు చేరారు.

"రేపటి నుంచి పనీ వద్దు, మాత్రా వద్దు," అంది నీళ్లమ్మ.

"నోటితో చెప్పినంత తేలికా పిన్నీ? మాత్ర పడకపోతే ఒళ్లంతా చీమలు పాకినట్టుంటుంది," అన్నాడు డ్రిల్లింగు కుర్రాడు.

"పని మానేస్తే పొయ్యిలో పిల్లి లేవదు," గొణిగాడు రాళ్లు కొట్టే తాత.

"ఉన్నదేదో అందరం కలిపి వండుకుందాం మావా. ముందు ఈ కుర్రాళ్లు బతకాలి," అంది నీళ్లమ్మ.

కాంట్రాక్టరు పోట్లాటకు రాలేదు. గేటు దగ్గర బండ మీద మాత్రల డబ్బా మూత తీసి పెట్టించాడు. "వాళ్లే వస్తారు," అని కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

మర్నాటి రాత్రికి, మాత్ర మానిన కుర్రాళ్లకు షెడ్డులో వాంతులు, చెమటలు, వణుకు. ఏ కుర్రాడు ఎవరి కొడుకో మరిచి తల్లులు అందరికీ చెమటలు తుడిచారు. నీళ్లమ్మ కొడుకు ఆమె కాళ్లు పట్టుకున్నాడు.

"ఒక్కటి తెచ్చిపెట్టవే! నువ్వు తల్లివేనా?"

ఆమె వాడి చేతులు విడిపించుకుంది. లేచి గేటు వైపు నడిచింది కూడా. అప్పుడు చెయ్యి నలిగిన కుర్రాడు అరిచాడు. తల్లులు పిలిపించిన నర్సు కట్టు కట్టిన ఆ చేతిలో నొప్పి మొదటిసారి తెలిసి, గొంతు చించుకుని అరిచాడు. ఆ కేక విని నీళ్లమ్మ వెనక్కి తిరిగింది.

కుర్రాళ్లను బలవంతంగా బంధించారని కాంట్రాక్టరు ఫిర్యాదు చేస్తే, తెల్లారి పోలీసు జీపు వచ్చింది. తల్లులు షెడ్డు బయట అడ్డం నిలబడ్డారు.

"తాళం తియ్యండి!" అన్నాడు ఎస్సై.

తలుపుకు తాళమే లేదు. కానిస్టేబులు తోశాడు. రాలేదు. నీళ్లమ్మ కూడా తెల్లబోయింది. లోపలి నుంచి పళ్లు టకటకలాడుతుండగా ఆమె కొడుకు గొంతు వినిపించింది.

"మమ్మల్నెవరూ బంధించలేదు సార్. గడియ మేమే వేసుకున్నాం. ఎవరిని బంధించాలో గేటు దగ్గరకెళ్లి చూడండి!"

ఎస్సై మొహం కందగడ్డయింది. "వీళ్లను రెచ్చగొట్టిందెవరు?"

"నేనే," అంది నీళ్లమ్మ. ఆమెను జీపులోకి తోశారు.

అప్పుడు గడియ తీసిన చప్పుడైంది. కుర్రాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని గేటు దాకా నడిచారు. కాంట్రాక్టరు నవ్వుతూ డబ్బా ముందుకు జరిపాడు. నీళ్లమ్మ కొడుకు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమె జీపులోంచి తల బయటకు పెట్టింది. వాడు చాలాసేపు దానిలోకే చూశాడు. తర్వాత మట్టిలో బోర్లించాడు. మిగతావాళ్లు మాత్రల్ని కాళ్లతో నలిపేశారు.

జీపు కదలబోయింది. కుర్రాళ్లు దానికి అడ్డంగా కూర్చున్నారు, వాళ్ల వెనక తల్లులు, ఆ వెనక తాత. హారన్ మోగుతూనే ఉంది. వాళ్లు వణుకుతున్నారు గానీ ఒక్కడూ లేవలేదు.