మార్చి మార్కులు

కాలేజీ అప్లికేషన్లు రాయించుకోవడానికి వాకాడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా జయరామయ్య మాస్టారి దగ్గరికే వచ్చేవారు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. 1961 వేసవిలో హెడ్మాస్టరు సెలవు మీద వెళ్ళడంతో స్కూలు ముద్ర కూడా ఆయన చేతికే వచ్చింది.

ఒక మధ్యాహ్నం సముద్రం ఒడ్డు పల్లె నుంచి పెంచలయ్య వచ్చాడు. వల మీద బతికే మనిషి. వెనకే కూతురు పేరమ్మ, చేతిలో మార్కులు రాసే ఎస్సెస్సెల్సీ పుస్తకం.

ఆ పిల్లను చూడగానే జయరామయ్య చూపు పక్కకు తిప్పుకున్నాడు. అది కొత్త కాదు. నాలుగేళ్ళుగా ఉన్నదే. తన కూతురు చెంచులక్ష్మి, పేరమ్మ ఒకే బెంచీలో కూర్చుని చదువుకున్నారు. చెంచులక్ష్మికి ఇంట్లో బల్ల ఉంది, దీపం ఉంది, లెక్కలు చెప్పే తండ్రి ఉన్నాడు. పేరమ్మ ఎండు చేపల దగ్గర కాకులను తోలుతూ చదివేది. అయినా ఆయన బోర్డు మీద ఎనిమిది వరసల్లో తేల్చిన లెక్కను ఆ పిల్ల నాలుగు వరసల్లో తేల్చేది. "పుస్తకంలో ఉన్నట్టు చెయ్యి" అని ఆయన ఒకసారి గద్దించాడు కూడా. అన్నిటికన్నా బాధ పెట్టింది వేరే. ఒకరోజు చెంచులక్ష్మి లెక్క తెగక తల గోక్కుంటుంటే ఆయన ఇలా తెమ్మని చెయ్యి చాపాడు. "నీకెందుకులే నాన్నా, రేపు పేరమ్మను అడుగుతా" అంది కూతురు.

చెంచులక్ష్మి తల్లి లేని బిడ్డ. తన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి అందుకోనక్కర్లేదని ఆయన అనుకునేవాడు.

"రెండు తూర్లు రాసింది గదా అయ్యోరా, బిడ్డ. రెండోవి పంపు" అన్నాడు పెంచలయ్య.

నిరుడు మార్చిలోనే పేరమ్మ పాసయింది. ఇంగ్లీషులో నలభై మార్కులే వచ్చాయనీ, వాటితో కాలేజీలో చేర్చుకోరనీ ఎవరో భయపెడితే, అక్టోబరులో అన్ని పేపర్లూ మళ్ళీ రాసింది. రెండుసార్లు రాసినవాళ్ళు ఏదో ఒకసారి మార్కులే పంపాలని కాలేజీవాళ్ళ నిబంధన. పంపాక మార్చేది లేదు.

జయరామయ్య పుస్తకం తెరిచాడు. మార్చి మొత్తం మూడువందల ఎనభై ఒకటి. అక్టోబరు మొత్తం నాలుగువందల రెండు. ఎవరు చూసినా అక్టోబరే మేలనుకుంటారు. కానీ సైన్సు గ్రూపుకు నెల్లూరు కాలేజీ మొత్తం చూడదు. లెక్కలూ సైన్సూ కలిపి చూస్తుంది. ఆ మాట ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, అప్లికేషను వెనకవైపు ఉంది. ఆ రెండూ కలిపితే పేరమ్మకు మార్చిలో నూట డెబ్బై అయిదు. అక్టోబరులో ఆ రెండు పేపర్లూ జ్వరంతో రాసింది కాబట్టి నూట ముప్ఫై ఎనిమిదే. నిరుడు తప్పి ఈ మార్చిలో పాసయిన చెంచులక్ష్మికి నూట యాభై అయిదు. ఆడపిల్లలకు ఆ గ్రూపులో ఉన్నవి పన్నెండు సీట్లు. నిరుడు ఆఖరి సీటు నూట యాభై ఒకటి దగ్గర ఆగింది.

"రెండోవే ఎందుకు?" అని మాత్రం అడిగాడు.

"మొదటి వలకు పడింది గంగమ్మది గదయ్యా. ఆకులో పెట్టి ఒడ్డున వదిలేస్తాం. దాన్ని మేం అమ్ముకోం, ఊరు దాటించం. మొదటి మార్కులూ అంతే. వాటిని నెల్లూరికి పంపితే బిడ్డకు మంచిది కాదు."

పేరమ్మ మాస్టారి ముఖంలోకి చూసింది. "మీరేమంటారు సార్?"

"మీ నాయన చెప్పినాడు గదా" అన్నాడాయన. అక్టోబరు మార్కుల నకలు రాసి, ముద్ర వేసి, కవరులో పెట్టాడు. వాళ్ళు దండం పెట్టి వెళ్ళారు. తానేమీ అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి సాయంత్రం దాకా తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం టపా వెళ్ళాలి. పొద్దున కవరు మీద అడ్రసు రాయబోతుంటే చెంచులక్ష్మి వచ్చి, "పేరమ్మదా నాన్నా? హాస్టల్లో మేమిద్దరం ఒకే గదిలో ఉంటాం" అంది సంబరంగా. ఆయన కలానికి మూత పెట్టి, కాగితాలూ ముద్రా సంచీలో వేసుకుని మూడు మైళ్ళు నడిచాడు. నడుస్తున్నంతసేపూ, వాళ్ళు ఇంట్లో లేకపోతే బాగుండుననే అనుకున్నాడు.

వాళ్ళు ఒడ్డునే ఉన్నారు. పెంచలయ్య వల చిక్కులు తీస్తున్నాడు.

"మార్చివి పంపితేనే సీటు" అన్నాడు జయరామయ్య. లెక్క విడమరిచి చెప్పాడు. కానీ ఒప్పుకోకపోతే నా తప్పేముందన్న ఆశ లోపల ఇంకా కదులుతూనే ఉంది.

పెంచలయ్య తల అడ్డంగా ఊపాడు. "వద్దయ్యా. ఎక్కువ మార్కులు పెట్టుకుని తక్కువవి పంపేదేంది? పైగా గంగమ్మది. ఇంక అడగబాక."

సరే అని వెనక్కి తిరగవచ్చు. రెండడుగులు తిరిగాడు కూడా.

"సార్" అంది పేరమ్మ. "చెంచులక్ష్మివి ఎంత?"

"నూట యాభై అయిదు."

"నావి మార్చివి పంపితే?"

"నువ్వు ముందుంటావు. ఆమెకు వస్తుందో రాదో తెలీదు."

పెంచలయ్య చేతుల్లో వల ఆగింది. "ఈ మాట నిన్న తెలీదా నీకు?"

"తెలుసు."

"మరి చెప్పలేదేంది?"

జయరామయ్య ఇసుకలోకి చూశాడు. "కుళ్ళు పెంచలయ్యా. నీ బిడ్డ లెక్క చేస్తుంటే నాకు కుళ్ళు. నిన్న నీ నోటితోనే నువ్వు చెడగొట్టుకుంటా ఉంటే నాకు హాయిగా ఉండింది."

పేరమ్మ తల వంచుకుంది. పెంచలయ్య తన మీద పడి కొడతాడేమోనని కూడా ఆయనకు అనిపించింది.

"ఎంత మనిషివయ్యా!" అన్నాడు పెంచలయ్య చివరికి. "నిన్న నువ్వు మార్చి అనుంటే, ఈయనకేం తెలుసు మా గంగమ్మ సంగతి అనుకునుందును. ఇప్పుడు మాత్రం నమ్మాలనిపిస్తా ఉండాది. సొంత బిడ్డకు అడ్డమొచ్చే మాట ఎవుడన్నా ఊరికే వచ్చి చెప్తాడా?" మళ్ళీ వల వైపు తిరిగాడు. "మార్చివే రాయి. గంగమ్మకు నేను చెప్పుకుంటాలే. నీ మీద కోపం మాత్రం పోలేదు నాకు."

"పోనక్కర్లేదు" అన్నాడు జయరామయ్య.

బోర్లించిన పడవ మీద కాగితం పరిచాడు. గాలికి లేచిపోబోయింది. పేరమ్మ వచ్చి రెండు మూలలూ అరచేతులతో అదిమి పట్టుకుంది. ఆ చేతులను చూస్తూ ఆయన తెలుగు అరవై రాశాడు, ఇంగ్లీషు నలభై రాశాడు. లెక్కల దగ్గరికి వచ్చేసరికి కలం ఒక్క క్షణం నిలిచింది. ఇన్ని మార్కులు రాకుండా ఉంటే బాగుండునని ఇప్పటికీ ఉంది ఆయనకు.

తొంభై ఒకటి అని అంకెల్లో రాసి, పక్కన అక్షరాల్లోనూ రాశాడు.