ఆవిడ చేసిన ఫోను

బస్సు డిపోలో అతన్ని అందరూ ‘హారన్’ అనేవారు. స్టీరింగు ముందు కూర్చుంటే హారన్ మోగేదే తప్ప అతని నోరు పెగిలేది కాదు. ఇంట్లో మాత్రం ఆ లోటు తెలిసేది కాదు. ఇద్దరి వంతూ భార్యే మాట్లాడేది.

అతను డ్యూటీలో ఉండగా ఒక మధ్యాహ్నం ఆమెకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సుకి తనే ఫోన్ చేసుకుంది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. అతను వెళ్లేసరికి మొహం మీదికి దుప్పటి లాగేశారు.

కొన్ని నెలలు గడిచాక అతనికి కొత్త భయం పట్టుకుంది. ఆమె అన్న మాటలన్నీ గుర్తున్నాయి, గొంతే గుర్తుకు రావడం లేదు. “మళ్లీ గొడుగు మర్చిపోయారా” అన్నది తలుచుకుంటే, ఆ మాట తన గొంతుతోనే వినిపిస్తోంది. ఫొటోలైతే ఉన్నాయి. వీడియో తీయబోతే మాత్రం అంత మాటకారీ నోటికి తాళం వేసుకుని చెయ్యి అడ్డం పెట్టేది.

అత్యవసర సేవలకి వచ్చే ఫోన్లన్నీ రికార్డు చేస్తారని బావమరిది చెప్పాడు.

“ప్రభుత్వం దగ్గరున్న రికార్డు అడిగే హక్కు మనకుంది బావా. అర్జీ పెట్టు.”

పెట్టాడు. అర్జీ తీసుకున్న సమాచార అధికారిణి తలెత్తి చూసింది.

“రికార్డింగు దేనికండీ?”

“కావాలండీ.”

“కేసు వేస్తారా?”

“లేదండీ.”

“మరి?”

అతను రసీదు తీసుకుని బయటికి వచ్చేశాడు.

‘మూడో వ్యక్తికి చెందిన వ్యక్తిగత సమాచారం ఇవ్వడం కుదరదు’ అని జవాబు వచ్చింది. దాన్ని వంటింట్లో నిలబడే చదివాడు. ఆ ఇంట్లో ఉన్నదే ఇద్దరు. అందులో ఆమె మూడో వ్యక్తి ఎలా అయిందో అతనికి బోధపడలేదు.

బావమరిది మండిపడ్డాడు. “గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నారు. అప్పీలుకి వెళ్దాం పద.”

విచారణ గదిలో కార్యాలయం తరఫు లాయరు లేచాడు. “ఎందుకు అడుగుతున్నారో ఈయన చెప్పడం లేదు సార్.”

“చెప్పక్కర్లేదు. కారణం అడగమని చట్టంలో లేదు,” అన్నాడు అప్పీలు వింటున్న పెద్దాయన. తర్వాత ఇటు తిరిగాడు. “మీకు మీరుగా ఏమైనా చెప్పాలనుకుంటే చెప్పండి.”

అతను కుర్చీ వీపు పట్టుకుని లేచాడు. “మా ఆవిడ గొంతు మర్చిపోతున్నానండీ. అది మా ఇంట్లో ఎక్కడా లేదు. మీ దగ్గరే ఉంది.”

లాయరు తలదించుకుని కాగితాలు సర్దుకున్నాడు. రికార్డింగు ఇచ్చెయ్యమని పెద్దాయన ఆదేశించాడు.

ఇచ్చే ముందు సరిచూసుకోమని అధికారిణి అతన్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు ఇచ్చింది. బీప్ మని ఒక మోత. ఆ తర్వాత ఆమె.

“అమ్మాయీ, కొత్త వాటర్ ట్యాంకు వెనక వీధి. మూడో ఇల్లు.”

అతను కళ్లు మూసుకున్నాడు. అదే గొంతు, కొస దగ్గర కాస్త జీరతో. ఆ జీర సంగతే మర్చిపోయాడు.

మళ్లీ బీప్. రెండో ఫోను కూడా ఉందని అతనికి తెలియదు.

“బండి ట్యాంకు దగ్గరే ఉందండీ. మీ వీధి కనపడట్లేదట,” అంది అటువైపు ఫోనెత్తిన అమ్మాయి.

“పాత ట్యాంకు దగ్గరికి పంపావా తల్లీ? కొత్తదని చిలక్కి చెప్పినట్టు చెప్పానే!”

అతను ఫక్కున నవ్వాడు. నవ్వు ఆగేలోపే విన్నదేమిటో తెలిసింది. హెడ్‌ఫోన్లలో ఆయాసం తప్ప మాటలు లేవు. కాసేపటికి, “సరేలే, కంగారుపడకు. రమ్మను,” అన్న మాట ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది.

అధికారిణి మంచినీళ్లు తెచ్చి పెట్టింది. “రెండోది నేను కూడా ఇవాళే విన్నానండీ,” అంది. అతను గ్లాసు ముట్టుకోలేదు.

“ఇప్పుడైనా కేసు వెయ్యి బావా,” అన్నాడు బావమరిది. అతను కేసు వేయలేదు. ఆ బండి డ్రైవరు కూడా తనలాంటివాడే, చెప్పిన చోటికే వెళ్లుంటాడు. కానీ ఊరుకోనూ లేదు. కంట్రోల్ రూములో రెండు ట్యాంకులనీ వేరువేరుగా ఎలా గుర్తిస్తున్నారో చెప్పమని ఇంకో అర్జీ పెట్టాడు. ‘ఇంతవరకు ఒకే పేరుతో ఉండేవి. ఇప్పుడు వేరుచేశాము’ అని జవాబు వచ్చింది. క్షమాపణ లాంటి మాట అందులో ఒక్కటీ లేదు.

మొదటి ఫోను అప్పుడప్పుడూ వింటాడు. రెండోదాని జోలికి పోడు. కానీ ఆ నవ్వు తెప్పించిన మాట అందులోనే ఉంది.

జవాబొచ్చిన సాయంత్రం బావమరిదికి తనే ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

“మంచిపని చేశావు బావా,” అన్నాడు బావమరిది. “ఇంకేంటి?”

“ఇంకేం లేదు.”

ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టలేదు. అటువైపు గిన్నెల చప్పుడు, పిల్లల గోల వినపడుతున్నాయి. వాటిని వింటూ అతను చీకటి పడుతున్న గదిలో లైటు వేసుకోకుండా కూర్చున్నాడు.