కొంగులో చలిమిడి

"రేవతీ, పులిహోర పని ఇంక చాలు. చేతులు కడుక్కుని రా, చలిమిడి పెట్టించుకుందువుగాని," అని అత్తయ్య పిలిచేటప్పటికి నేను పోపులో ఎండుమిరపకాయలు వేస్తున్నాను. పొయ్యి కట్టేసి కొంగు సర్దుకున్నాను. వంగినప్పుడల్లా పొట్ట మీద ఇంజక్షన్ పొడిచిన చోట సలుపుతోంది.

మా ఆడపడుచు ఐశ్వర్యకి ఆ సాయంత్రం సీమంతం. కడుపుతో ఉన్నదాని ఒళ్ళో పెట్టిన చలిమిడి తింటే పిల్లల్లేనివాళ్ళకి కడుపు పండుతుందని మావాళ్ళ నమ్మకం. అత్తయ్య చెడ్డది కాదు. చెడ్డదయితే లోపల తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆవిడ ప్రేమగానే, హాలు నిండా ఉన్న ముత్తయిదువల మధ్య నన్ను పీట మీద కూర్చోబెట్టింది. నేను కొంగు పట్టాను. ఐశ్వర్య తల వంచుకుని ముద్ద వేసింది. దానికీ సిగ్గేసినట్టుంది.

అప్పుడు అత్తయ్య తోడికోడలు అనసూయమ్మగారు అందుకున్నారు. "మా శ్రీకాంత్ బంగారం! లోపం ఈ పిల్లలోనే ఉందని తెలిసీ రెండో పెళ్ళి మాట ఎత్తనివ్వడు. ఇంకొకడైతేనా!" అందరూ అవునంటే అవునన్నారు. ఒకావిడ నా తల నిమిరి, "అదృష్టవంతురాలివే," అంది. ఆ బంగారం, మా ఆయన, గుమ్మంలోనే ఉన్నారు, చేతిలో కూల్‌డ్రింకుల ట్రేతో. విన్నారు. నా వంక చూడకుండా ట్రే బల్ల మీద పెట్టి, ఫోన్ చెవికి ఆనించుకుని వీధిలోకి వెళ్ళిపోయారు. ఫోన్ మోగనే లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గుడివాడ డాక్టరమ్మ రిపోర్టులు చూసి చెప్పింది మా ఇద్దరికీ తెలుసు. నాలో ఏ లోపమూ లేదు. ఆయన వీర్యకణాలే బాగా తక్కువ. "అయినా సూదులన్నీ మీకేనమ్మా, ఈ వైద్యం అలాంటిది," అందావిడ జాలిగా. బందరు తిరిగొస్తుంటే పెడన దగ్గర కారు పక్కకి ఆపి ఈయన ఏడ్చారు. "ఇంట్లో చెప్పకు రేవతీ. ఆడదాని మీదైతే జాలిపడతారు. నన్ను చూస్తే నాగాయలంకలో మన రొయ్యల చెరువుల మీద పనివాళ్ళు కూడా నవ్వుతారు." ఆ కన్నీళ్ళకి కరిగిపోయి సరేనన్నాను. అది ప్రేమనుకున్నాను. అప్పటినుంచి నా కడుపు గురించి అడగని ఆడది లేదు. నేను పాఠాలు చెప్పే స్కూల్లో హెడ్మాస్టరుగారు సైతం నా సెలవు చీటీ చూసి నిట్టూరుస్తారు. రెండుసార్లు వైద్యం చేయించుకుంటే రెండుసార్లూ నిలవలేదు. రెండుసార్లూ నేనే "నా ఒంట్లోనే ఏదో ఉంది అత్తయ్యా," అని చెప్పి, బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆయన తలుపు అవతల నిలబడి, "త్వరగా రా, అమ్మ కంగారుపడుతోంది," అన్నారు.

గదిలోకి వచ్చి చలిమిడి గిన్నెలో పెట్టాను. వెనకే ఆయన ఈ మూడోసారి వైద్యంలో ఆఖరి ఇంజక్షన్ పట్టుకుని వచ్చారు. ఆ విషయంలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. రొయ్యలకి వాడే ఐసుపెట్టెలో మందు పెట్టుకుని గుడివాడ నుంచి పసిబిడ్డని తెచ్చినంత భద్రంగా తెస్తారు.

"టైమైంది. వేసేసుకో. ఇవాళ తప్పితే ఇన్నాళ్ళదీ వృథా."

"తెలుసండీ. ముందు మీరు హాల్లోకి వెళ్ళి లోపం ఎవరిదో అత్తయ్యకి చెప్పి రండి."

ఆయన తలుపు దగ్గరగా వేశారు. "ఇప్పుడా? ఇంతమందిలోనా?"

"నన్నన్నదీ ఇంతమందిలోనే."

"పంతానికి ఇదా సమయం? నీకు పిల్లలు వద్దా?"

ఎంత కావాలో ఆయనకి తెలుసు. తెలిసే ఆ మాట అడిగారు. దానితో నాలో మిగిలిన ఆ కాస్త జాలీ పోయింది.

"కావాలి. మీరు చెప్పాక వేసుకుంటాను."

ఇంజక్షన్ ఆయన చేతిలోంచి తీసుకుని ఐసుపెట్టెలో పెట్టి మూత వేశాను. పొద్దుటినుంచీ నిలబడే ఉన్నాను, కాళ్ళు లాగేస్తున్నాయి. మంచం మీద నడుం వాల్చాను.

"టైము దాటిపోతే చేసేదేమీ లేదండీ. కానీ ఈసారి ఎందుకు పోయిందో అత్తయ్యకి మీరే చెప్పుకోవాలి."