మధ్య కుర్చీలో తల

నేను ఒక రబ్బరు తలను. చేతులు లేవు కాబట్టి ఎవరి చెంపా పగలగొట్టలేను. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయే పెద్దమనుషుల మీద నాకు ఏ కోశానా గౌరవం లేదు.

చీరల కొట్లకు బొమ్మలు చేసే మేస్త్రీ నన్ను అచ్చులో పోశాడు. అలవాటు కొద్దీ మూతికి చిరునవ్వు కూడా అంటించాడు. నీలవేణి అనే పరిశోధక విద్యార్థిని తన చెవులకే అచ్చు తీయించి నాకు పెట్టించి, వాటిలో రెండు మైకులు అమర్చింది. శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో రికార్డు విన్నవాళ్లకూ తెలియాలన్నది ఆమె పీహెచ్‌డీ. నన్ను చంకన పెట్టుకుని సంతలన్నీ తిరిగి, అక్కడి చప్పుళ్లు రికార్డు చేసింది. జనం నవ్వారు, ఆమె పట్టించుకోలేదు. తరువాత ఒక గదిలో చుట్టూ స్పీకర్లు పెట్టి, సరిగ్గా నడుమ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసింది. అందులో కూర్చుంటే సంత మన చుట్టూ నడుస్తుంది. కాస్త పక్కకు జరిగితే దగ్గరి స్పీకరు మోత తప్ప ఏమీ ఉండదు.

ఫెలోషిప్ పొడిగించాలా వద్దా తేల్చడానికి కమిటీ వస్తోంది. అది ఆగితే ఆమె చదువూ ఆగినట్టే. ఆమె గైడు ప్రొఫెసర్ దక్షిణామూర్తి మాత్రం శాలువాలు, ఫ్లెక్సీ తెప్పించే హడావిడిలో ఉన్నాడు. ముందువైపు స్పీకరుకు ఆనించి సోఫా వేయించాడు.

"సార్, సోఫాల కూర్చుంటే ఏం తెల్వది సార్. ఛైర్మన్ సార్ ఈ కుర్చీలనే కూర్చోవాలె," అంది నీలవేణి.

"అంత పెద్దమనిషిని ప్లాస్టిక్ కుర్చీల కూసోబెడ్తవా? డిపార్ట్‌మెంట్ ఇజ్జత్ ఏంగావాలె?"

కుర్చీ ఖాళీగా ఉంటే ఫొటోలో బాగుండదని నన్ను తెచ్చి అందులో పెట్టాడు.

కమిటీ వచ్చి సోఫాలో కూర్చుంది. రికార్డులోని సంత మొదలైంది. పూలమ్మే ఆమె వెనక నుంచి నడిచొచ్చి నా ఎడమ పక్కన ఆగింది. ఆ గదిలో ఆమె రాక తెలిసింది నాకొక్కదానికే. ఛైర్మన్ శాలువా సర్దుకుంటూ, "మా బిడ్డ పెండ్లిల మైకుసెట్టు దీనికన్న మంచిగుండె," అన్నాడు. దక్షిణామూర్తి అందరికన్నా గట్టిగా నవ్వాడు. కొత్తదనం లేదని రాసి, బిర్యానీ తిని వెళ్లిపోయారు.

"సార్, మీరన్నా ఒక్కసారి కూర్చోండ్రి," అంటూ నీలవేణి నన్ను కుర్చీలోంచి తీసింది. ఆయన విసుక్కుంటూ కూర్చున్నాడు. సంత మళ్లీ మొదలై, పూలమ్మే ఆమె వెనక నుంచి "మల్లెలు సారూ" అనగానే గబుక్కున వెనక్కి తిరిగాడు. వెనక గోడ తప్ప ఏమీ లేదు. చాలాసేపు ఆ గోడనే చూశాడు.

"మల్లొక్కసారి వినుమని కమిటీకి రాయుండ్రి సార్."

"చూద్దాం తియ్యమ్మా."

రాయలేదు. రాస్తే సోఫా వేయించింది ఎవరని అడుగుతారు. ఆ భయానికి ఒక పిల్ల బతుకును బలిపెట్టాడు, సిగ్గులేని మనిషి.

నీలవేణి హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయింది. నేను ఆయన గదిలో బీరువా మీదున్నాను, ఆయన హెల్మెట్ తగిలించుకోవడానికి పనికొస్తున్నాను. కొత్త విద్యార్థులు ఇదేంటని అడిగితే, "ఒకామె ఏదో చేసింది, అందుల ఏం లేదు," అంటాడు. ఆ మాట అనేటప్పుడు మాత్రం నా వైపు చూడడు.