ఇటుకరంగు మధుపర్కాలు

పెళ్లయి బైలాడిలా గని కాలనీకి వచ్చిన మొదటి వారమే నేనొక ఘనకార్యం చేశాను. మా మధుపర్కాలు ఉతికి పెరట్లో దండెం మీద ఆరేశాను. సాయంత్రానికి ఇటుకరంగుకు తిరిగాయి! ఇక్కడి గాలిలోనే ఇనుపరాతి ధూళి ఉంటుందని నాకేం తెలుసు?

"ఏంది పిల్లా, పెళ్లిపంచెకు పారాణి పెట్టినవా?" అని పక్కింటి భద్రమ్మక్క పొట్ట పట్టుకుని నవ్వింది. మా ఆయన ఆ పంచెనే కట్టుకుని కాలనీ అంతా తిరిగొచ్చాడు. నాకు సిగ్గూ, సంతోషమూ.

సరిహద్దులో యుద్ధం నడుస్తున్న రోజులవి. ఒక మధ్యాహ్నం అందరి ఫోన్లలోకీ ఒక వీడియో వచ్చింది. మన గని మీద డ్రోన్లు పడ్డాయట. ప్లాంటు మండుతోంది. "తర్వాత కాలనీయే, పారిపోండి" అని హిందీలో ఒక గొంతు. మా ఆయన అక్కడే డ్యూటీలో ఉన్నాడు. ఫోన్ కలవదు. కాలనీ అంతా ఒకేసారి చేస్తుంటే ఎట్లా కలుస్తుంది?

భద్రమ్మక్క భర్త సీతారాములన్న జీపు స్టార్ట్ చేసి, "ఎక్కు చెల్లె!" అన్నాడు. రోడ్డంతా అప్పటికే బళ్లు. గని నుంచి బస్సు రావాలన్నా, అంబులెన్సు రావాలన్నా అదొక్కటే దారి.

"ఆయన లేకుండా నేను రాను" అన్నాను. ఆయన ఎక్కడైనా కనిపిస్తాడేమోనని వీడియో మళ్లీ పెట్టాను. మంటల పక్కన క్వార్టర్లు. వాటి ముందు దండేల మీద పంచెలు, దుప్పట్లు, మల్లెపూలంత తెల్లగా.

"అక్కా, ఇది చూడు!"

భద్రమ్మక్క కళ్లు చికిలించింది. "వీళ్లింట్ల పీనుగెల్ల! మన కాలనీల తెల్లబట్ట ఏడున్నదే? ఏం సబ్బు వాడుతున్నరో అడుగు!"

హైబ్రిడ్ యుద్ధం గురించి నేను ఎం.ఏ.లో చదివాను. దేశాలు ఇప్పుడు సైన్యం కంటే ముందు పుకారును పంపుతాయి. జనం బెదిరి పరుగెత్తితే గనులూ రైళ్లూ వాటంతటవే ఆగుతాయి. చేసిందెవరో తేలదు. ఇదంతా రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను గానీ, అది నా దండెం దాకా వస్తుందనుకోలేదు.

ఇంట్లోకి పరుగెత్తి ఇటుకరంగుకు తిరిగిన ఆ పెళ్లిపంచె తెచ్చాను. చెరో కొసా పట్టుకుని ఇద్దరం రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాం. "వీడియోల బట్టలు చూడుండ్రి! ఈ పంచె చూడుండ్రి!" అని భద్రమ్మక్క తెలుగులో, హిందీలో, గోండీలో ఒకటే కేక. ముందు బండిలో ఎవరో ఫోన్ చూసి, పంచె చూసి, పకపకా నవ్వారు. ఆ నవ్వు బండి నుంచి బండికి పాకింది. ఒక్కో బండీ వెనక్కి తిరిగింది.

దారి తెరుచుకోగానే గని బస్సు వచ్చింది. తల నుంచి కాలి దాకా ఎర్రగా, పళ్లు మాత్రమే తెల్లగా, మా ఆయన దిగాడు.

"ఏందే, నా పంచెతోని ధర్నా చేస్తున్నవా?"

అందరూ చూస్తున్నా సరే, వెళ్లి వాటేసుకున్నాను. నా లేతపసుపు చీర మీద ఆయన రెండు చేతులూ అచ్చుపడ్డాయి. ఇంకా ఉతకలేదు. పోతాయేమోనని భయం.