పర్మిట్ రాని నర్సమ్మ

వనపర్తి దగ్గర ఒక చిన్న సర్కారు దవాఖానలో నవనీత కాన్పుల నర్సు. కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అందుకే ఇంగ్లండు దవాఖానలకు నర్సులు కావాలని హైదరాబాదులో ఇంటర్వ్యూలు పెడితే వెళ్లింది. డ్యూటీ దిగాక కూర్చుని ఇంగ్లీషు పరీక్షకు చదివింది. మొదటిసారి తప్పింది, రెండోసారి గట్టెక్కింది. గద్వాలలో చీరలు నేసే ఆమె తండ్రి బాలకిష్టయ్య ఆ సంగతి వీధంతా చెప్పుకున్నాడు.

ఉద్యోగం ఖాయమని ఇంగ్లండు నుంచి కబురొచ్చాక, 2006 వేసవిలో ఇక్కడ రాజీనామా చేసింది. వర్క్ పర్మిట్ ఒక్కటే రావాలి. అది రాలేదు. ఏజెంటు ఆఫీసుకు వెళితే, అక్కడ పనిచేసే సుధాకర్ కుర్చీ చూపించి మెల్లగా చెప్పాడు.

"ఇంగ్లండు సర్కారు రూల్ మార్చిందమ్మా. నర్సుల కొరత తీరిందంట. ముందు వాళ్ల దేశపోళ్లకు, యూరపోళ్లకు ఇయ్యాలె. ఎవరూ దొరక్కపోతేనే మీకు."

"మొన్ననే రమ్మన్నరు గద సార్! నాతోని ఏమన్న తప్పయిందా?"

"నీ తప్పేం లేదమ్మా. రమ్మన్న దవాఖానోళ్లు గూడ పరేషాన్ల ఉన్నరు."

తప్పుంటే దిద్దుకునేది. మళ్లీ పరీక్ష రాయమంటే రాసేది. చేయడానికి ఏమీ లేదన్నదే ఆమెకు మింగుడుపడలేదు.

పాత దవాఖానకే వెళ్లి పెద్ద డాక్టరును కలిసింది. ఆమె జాగాలో అప్పటికే భాగ్యలక్ష్మి చేరింది. "నువ్వొస్తే నాకూ మంచిదే నవనీతా. కొత్తగా ఎవర్నీ తీసుకోవద్దని పైనుంచి ఆర్డరుంది," అన్నాడాయన, ఆమె మొహంలోకి చూడలేక.

వరండాలోకి వచ్చేసరికి గోపాల్‌పేట నుంచి నొప్పులతో ఉన్న యమునను జీపులో తెచ్చారు. నవనీత కొంగు దోపుకుని చేతులు కడుక్కోబోయింది.

"వద్దక్కా. నువ్వు ముట్టుకున్నవని తెలిస్తే నా నౌకరి పోతది," అంది భాగ్యలక్ష్మి బతిమాలుతున్నట్టు.

యమున అత్త భీమమ్మ నవనీత చెయ్యి పట్టుకుంది. "నా పెద్దకోడలికి నువ్వే గదనే కాన్పు చేసినవ్! గిట్ల నిలబడ్డవేంది? లోపలికి పోవే తల్లీ!"

"నేనిప్పుడు ఈడ నర్సును గాదవ్వా."

"నర్సువు గాకపోతే మరేందే?"



లోపల చూసి, బిడ్డ అడ్డంగా ఉంది, ఆపరేషన్ చేయాలి, మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నారు. నవనీత కూడా జీపెక్కింది. గేటు దాటాక ఆమెను వద్దనేవాళ్లు లేరు. కానీ కదిలే జీపులో చేయగలిగిందీ లేదు. యమునను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, నాడి చూస్తూ, "ముక్కకు బిడ్డా, జర ఓపిక పట్టు" అంటూనే ఉంది. కొత్తకోట దాటాక కడుపు మీద చెవి పెట్టి విన్నది. మళ్లీ విన్నది. తలెత్తి, జీపు ఇంకా జోరుగా తోలమంది.

మహబూబ్‌నగర్లో యమున బతికింది. బిడ్డ దక్కలేదు.

తర్వాత నవనీత నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో చేరింది. ఏజెంటుకు ఫోన్ చేస్తే ఒకసారి ఆస్ట్రేలియా అనేవాడు, ఇంకోసారి గల్ఫ్ అనేవాడు.

గద్వాలకు వెళ్లినప్పుడు బాలకిష్టయ్య అడిగాడు. "ఎప్పుడు పోతవు బిడ్డా?"

"వాళ్లు రమ్మన్నప్పుడు, నాయినా."

"రమ్మన్నరు గదనే?"

"అన్నరు," అంది నవనీత.