తోపుకు బదులు వచ్చిన కారు

మా తమ్ముడు హేమనాథ్ తన కారు నాకిచ్చి, నా వాటా కొబ్బరితోపు తీసుకున్నాడు. సరైన బేరమేనని ఊళ్లో అందరూ అన్నారు. వాళ్లకేం, తోపు వాళ్లది కాదు కదా. నీళ్లెండి కాపు తగ్గిన తోపు కంటే బాడుగకు తిప్పుకునే కారు మేలని నేనూ ఒప్పుకున్నాను. గుడియాత్తం నుంచి వేలూరు ఆస్పత్రికి పోయే రోగులకు కొదవ లేదు. సగంలో బడి మానేసిన నాకు స్టీరింగు పట్టుకోవడం తప్ప ఇంకేం వచ్చు?

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. తోపు పచ్చబడింది. నా కారుకేమో వణుకు పట్టుకుంది.

మెల్లగా పోతే ఏమీ ఉండదు. యాక్సిలరేటర్ తొక్కి వేగం పెంచామా, సీట్లు, అద్దాలు, నోట్లో పళ్లు అన్నీ అదురుతాయి. కాలు తీస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు పోతుంది. ఒకరోజు లత్తేరి దగ్గర లారీని దాటబోయాను. కడుపు ఆపరేషనై కుట్లతో ఇంటికొస్తున్న కృష్ణమ్మ అనే పెద్దామె ఆ అదురుకు వెనక సీట్లో ఏడ్చేసింది. కారాపించి, కొడుకు భుజం పట్టుకుని దిగి బస్సెక్కింది. ఆ తర్వాత వాళ్ల వీధివాళ్లెవరూ నన్ను పిలవలేదు.

వేలూరు బాగాయంలో ఒక షెడ్డులో చూపించాను. ప్లగ్గులు మార్చారు, చక్రాలకు బ్యాలెన్సింగ్ చేశారు. వణుకు పోలేదు. తమ్ముడు తెలిసే అంటగట్టాడని నాకు ఖాయమైంది. ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను, వాడి భార్య జెసింతను కూడా కలిపి. వాడు ఇష్టపడి చేసుకున్న కిరస్తానీ పిల్ల ఆమె. ఇన్నేళ్లయినా మా ఆవిడ జ్ఞానాంబ ఆ గడప తొక్కలేదు.

హేమనాథ్ అంతా విని ఒకే మాటన్నాడు. "మెకానిక్కు ముందర ఇద్దరమూ నిలబడదాం రా అన్నా. నేనిచ్చినప్పుడే లోపముండిందంటే తోపు నీకు వదిలేస్తా."

గుడియాత్తంలో కార్తికేయన్ షెడ్డుకు పోయాం. అతనిదొక పద్ధతి. ముందు బానెట్ తెరవడు. ఓనరును నడపమని తాను వెనక కళ్లు మూసుకుని కూర్చుంటాడు. హేమనాథ్ నా పక్కన కూర్చున్నాడు. నాయన పోయాక మేమిద్దరం ఒకే బండెక్కడం అదే మొదలు. కార్తికేయన్ తొక్కమన్నాడు, తొక్కాను. వదలమన్నాడు, వదిలాను. తొక్కితేనే అదురుతోంది కాబట్టి చక్రాల తప్పు కాదని, ఇంజిను బలాన్ని చక్రానికి మోసుకుపోయే షాఫ్టు చూడాలని తేల్చాడు.

షెడ్డుకు తిరిగొచ్చి, కారు పైకెత్తి కిందికి దూరాడు. బయటికి వచ్చేటప్పటికి చేతిలో గ్రీసు పట్టిన నల్లతాడు ఉంది. దానికి పగిలిన గవ్వలు.

"ఇదెవురు కట్టినారన్నా? షాఫ్టుతో పాటు తిరిగి తిరిగి, గవ్వలు జాయింటు మీది రబ్బర్ని కోసేసినాయి. గ్రీసంతా పోయి జాయింటు అరిగిపోయిండాది."

ఎవరు కట్టారో నాకు తెలుసు. కారు మా ఇంటికొచ్చిన రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాక, జ్ఞానాంబ చక్రం పక్కనుంచి భుజం దాకా చెయ్యి దూర్చి, తగిలిన కడ్డీకి ఆ దిష్టి తాడు కట్టింది. బయట కడితే జెసింత చూస్తుందట, చూస్తే దాని బలం పోతుందట. చెయ్యి పట్టేటట్టు స్టీరింగు తిప్పి పెట్టింది నేనే.

ఒక్క మాటంటే తోపు నాది.

"నాకేం తెలుసప్పా, కారొచ్చినప్పుడే ఉండాది" అన్నాను.

హేమనాథ్ ఆ తాడు అందుకుని గవ్వల మీది గ్రీసు బొటనవేలితో తుడిచాడు.

"మా ఇంట్లో ఇదెవురు కడతారన్నా? జెసింతకు దిష్టి తాడంటే ఏందో కూడా తెలీదు. వదిన ఎవురి కంటికి బెదిరి కట్టిందో నీకు తెలుసు, నాకూ తెలుసు."

"ఇప్పుడేమంటావు అయితే?"

"ఏమనేదుండాది? ఈ తూరి బంపర్‌కు కట్టమను. షాఫ్టు జోలికి పోదు."

కార్తికేయన్ నవ్వబోయి, మా మొహాలు చూసి మళ్లీ కారు కిందికి దూరాడు.

"తోపు కావాలంటే ఇస్తాన్నా" అన్నాడు హేమనాథ్. గొంతు పెంచలేదు. "జెసింత కన్ను చెడ్డదని చెప్పి అడుగు. ఈడనే, ఈయప్ప వింటా ఉండంగానే."

అనేస్తే పోయేది. ఫోన్లో అంతకంటే పాడు మాటలే అన్నాను. వాడు నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. జాయింటు మార్చెయ్యమని, ఖర్చు నాదేనని కార్తికేయన్‌కు చెప్పాను.

పాత జాయింటు ఊడదీసి కొత్తది వేసేదాకా ఇద్దరం చెరో పక్క కూర్చున్నాం. పని అయ్యాక దింపి వస్తానన్నాను. వద్దని చెప్పి బస్టాండు వైపు నడిచిపోయాడు.

కారును వేలూరు రోడ్డు ఎక్కించి గట్టిగా తొక్కాను. అదరలేదు. అంతలో జ్ఞానాంబ ఫోన్ చేసి, తప్పు వాళ్లదేనని తేలిందా, తోపు వచ్చిందా అని అడిగింది. ఇంటికొచ్చి చెబుతానన్నాను. ఇల్లు వెనక, గుడియాత్తంలో ఉంది. బాడుగ లేకపోయినా నేను వేలూరు వైపే పోనిచ్చాను.